గంటకు ముందు పూలతాడు

వాయుగిరి రాజ్యానికి వసంతం వచ్చిన సంగతి చెట్లకంటే ముందు గుర్రాలకు తెలిసేది. జవనపురం కోట తూర్పు గోడ కింద ఉన్న అశ్వశాలల్లో అవి ఊరికే సకిలిస్తూ, గిట్టలతో నేలను తవ్వుతూ, కాపలావాళ్లకు నిద్ర లేకుండా చేసేవి. ఆ గోడ వెలుపలి నుంచి ఎర్రమట్టి బాట ఒకటి, దారం పట్టి గీసినట్టు తిన్నగా, తూర్పు దిక్కుకు సాగిపోయేది. దాని పేరు శరపథం. ఇరువైపులా మోదుగులు ఆకు కనిపించకుండా పూసి, ఉదయపు ఎండలో బాటకు ఎర్రని గొడుగులు పట్టేవి. బాట చివర నల్లరాతి తోరణం ఉంది. తోరణానికి మనిషి ఎత్తు కంచుగంట ఉంది. గంట దాటాక కొంచెం నేల ఉంది. ఆ నేల దాటాక ఏమీ లేదు. పొగమంచు నిండిన అగాధలోయ మాత్రం నోరు తెరుచుకుని ఉంది. దాని అడుగు చూడబోయినవాడు తిరిగి రాలేదు కనుక అడుగు ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు. ఆ మంచులో ధూమ్రపక్షుడనే మాంత్రికుడు ఉంటాడని మాత్రం ముసలమ్మలు కథ చెప్పేవారు.

ప్రతి వసంతంలోనూ శరపథం మీద రెండు రథాలు పక్కపక్కన నిలబడేవి. శంఖం ఊదగానే నిలిచిన చోటు నుంచి ఒక్కసారిగా దూకి, వంకర లేకుండా పరుగెత్తి, ఏ సారథి ముందుగా కొరడా పిడితో గంట కొడితే గెలుపు అతనిది. ఆ గంట మోగితే జవనాంబ అమ్మవారు కళ్లు తెరిచి మబ్బులను పంపుతుందని ప్రజల నమ్మకం. రాజ్యం స్థాపించిన తొలిరాజు ఆ బాట కొలత నిర్ణయించిన రోజుల్లో గుర్రాలంటే కొండగుర్రాలు. పొట్టివి, బొద్దువి, తిండిపోతులు. రథాలంటే చక్రాలు తగిలించిన మద్దిమాను దుంగలు. గంట మోగాక వాటిని ఎవరూ ఆపనక్కరలేదు, అవే ఆయాసపడి నిలబడిపోయేవి. తరువాత ఓడలెక్కి ఎడారిగుర్రాలు దిగాయి. వెదురుతో, తోలుతో రథాలు అల్లడం వచ్చింది. వేగం అంతకంతకూ పెరిగింది, బాట కొలత మాత్రం తొలిరాజు మాటలాగే ఉండిపోయింది. ఆరంభాన్ని వెనక్కి జరుపుదామంటే కోటగోడ అడ్డం. గంటను ఇవతలికి జరుపుదామంటే తొలిరాజు కొలత తగ్గిపోతుంది. కొన్నేళ్లుగా ఏటా ఒక రథమైనా గంట దాటి నిలవలేక ఆ పొగమంచులోకి పోతోంది. నిరుడు పోయిన రథంలో ఉన్నది సాక్షాత్తూ యువరాజు మణికంధరుడు.

ఈ ఏడు రాజవంశం తరఫున రథం తోలవలసింది యువరాజు చెల్లెలు కువలయ. ఎదుటి రథం సమీరుడిది. అతను రాజవంశీకుడేమీ కాడు. ఒకప్పుడు శరపథాన్ని ఏలిన ముసలి సారథి కేసరయ్య కొడుకు. గుర్రంతో మాట్లాడినంత తేలిగ్గా మనుషులతో మాట్లాడలేని యువకుడు.

పందెం రేపనగా, ఆ ఉదయం సమీరుడు ఒంటరిగా సాధనకు దిగాడు. జంట గుర్రాలు ఊపందుకోగానే మోదుగులు కలిసిపోయి ఎర్రటి గోడలయ్యాయి. గాలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. గంట కనిపించింది. కుడిచేయి పగ్గాలు వదిలి కొరడా ఎత్తింది. గంట ఖంగుమంది. ఆ దెబ్బకు మోచేతి దాకా తిమ్మిరెక్కింది, ఆ చెయ్యి తిరిగి పగ్గాలు అందుకునేలోపల నేల అయిపోవచ్చింది. సమీరుడు బరువంతా ఎడమ వైపుకు విసిరాడు. చక్రం అంచుబండకు కొట్టుకుని కాడి విరిగింది. కాడి వీడిన గుర్రాలు పక్కకు తప్పుకున్నాయి. రథం మాత్రం దొర్లుకుంటూ పొగమంచులోకి వెళ్లిపోయింది. సమీరుడు అంచున ఉన్న ఒక వేరు పట్టుకుని వేలాడుతూ, తన రథం కింద పడిన చప్పుడు కోసం విన్నాడు. ఆ చప్పుడు రాలేదు.

చప్పుడుకు బదులు కొరడా కొస ఒకటి ముఖం ముందుకు వచ్చింది. సాధనకు వచ్చిన కువలయ అంచున బోర్లా పడుకుని, తన పొడవాటి కొరడాను అతనికి అందిస్తోంది. అది పట్టుకుని సమీరుడు పైకి ఎగబాకాడు. ఇద్దరూ మట్టిలో కూర్చుని ఊపిరి తీసుకున్నారు.

“తప్పెక్కడుందో తెలిసింది రాజకుమారీ,” అన్నాడు సమీరుడు చివరకు. “గుర్రాలను ఆపడానికి రెండు చేతులూ ఎక్కడ కావాలో, సరిగ్గా అక్కడే మనం ఒక చెయ్యి తీసేస్తున్నాం.”

“మా అన్నయ్య కూడా గంట కొట్టాడు,” అంది కువలయ. “చెయ్యి పైకెత్తి ఉండటం నేను చూశాను. ఆ చేతితోనే పడిపోయాడు.”

ఆమె కళ్లు తుడుచుకోలేదు, ఏడుపు దాచుకోనూ లేదు. ఏడుస్తూనే లెక్క వేసింది. మోదుగుల వరుస ముగిసే చోటే పందెం తేలిపోతే, అక్కడి నుంచి గంట దాకా ఉన్న నేలంతా గుర్రాలను నిలపడానికి మిగులుతుంది. నిలిపాక నడిపించుకుంటూ వెళ్లి గంట కొట్టవచ్చు. గంట మోగుతుంది, మనిషి మిగులుతాడు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లు ఎవరికీ తట్టలేదేమని ఇద్దరికీ నవ్వు వచ్చింది. నవ్వుతూనే సభకు బయలుదేరారు.

ఆ నవ్వు సభలో ఎంతోసేపు నిలవలేదు. జవనపురం సభాభవనం స్ఫటిక స్తంభాలతో, నెమలిపింఛాల వింజామరలతో, రంగవల్లుల నేలతో చూడ ముచ్చటగా ఉంటుంది కానీ, అందులో కొత్త మాట చెప్పడమంటే బండరాతికి తల బాదుకోవడమే. శరభపాల మహారాజు సింహాసనం మీద ఉన్నాడు. కొడుకు పోయినప్పటి నుంచి ఆయన కిరీటం ఒకవైపుకు ఒరిగే ఉంటోంది, సరిచేయడానికి ఎవరికీ ధైర్యం చాలడం లేదు. పక్కన రాజగురువు శాంతశివుడు. పేరులో తప్ప ఆయనలో శాంతం మచ్చుకైనా లేదు. ఎప్పుడూ ఒంటి నుంచి పొగ వాసన వేస్తుంది, హోమాలు ఎక్కువ చేస్తానంటాడు. పందెం రోజున మాత్రం శీతం చేసిందని చెవుల్లో దూది కుక్కుకుంటాడు.

సమీరుడి మాట పూర్తి కాకముందే గురువు లేచి, కొలత మీద చెయ్యి వేస్తే అమ్మవారు ఆగ్రహిస్తుందని, ఏడేళ్లు చుక్క వాన పడదని హెచ్చరించాడు. సభ గుసగుసలాడింది. మహారాజు తన కష్టం దాచుకోకుండా చెప్పాడు. ప్రజల బిడ్డలు లోయలో పడినప్పుడు తాను ఆచారమన్నాడు, ఇప్పుడు తన బిడ్డ వంతు రాగానే బాట తగ్గిస్తే ఆ తల్లుల ముందు తలెత్తలేడు. అయితే తొలిరాజు నియమం ఒకటుంది. చివరిసారిగా పందెం గెలిచి, గంట కొట్టి బతికి వచ్చిన సారథి ఒప్పుకుంటే శరపథం మీద ఏ మార్పైనా చేయవచ్చు.

ఆ సారథి అక్కడే ఉన్నాడు. తరువాత గెలిచినవాళ్లందరూ లోయలోకి పోగా మిగిలిన చివరి విజేత కేసరయ్య. ఆ ముసలాయన ఊతకర్ర మీద బరువు మోపి లేచి నిలబడ్డాడు. రాజు వైపు కాక కొడుకు వైపు చూశాడు.

“ఒరే సమీరా, నేను గెలిచిన ఏడు నా పక్క రథంలో సోమన్న ఉన్నాడు. నావి కొండగుర్రాలు, వాడివి కొత్తగా దిగిన ఎడారిగుర్రాలు. గంట దాకా నాకు చెక్రం తేడాలో వచ్చాడు. నేను ఆగా, వాడు ఆగలా. ఇప్పుడు కొలతే తప్పని నేను ఒప్పుకుంటే వాడు ఊరికే పోయినట్టేగా? వాడి పెళ్లాం మొహం నేనెట్టా చూసేది?”

“ఇంకో ఇంట్లో అట్టాంటి మొహం ఉండకూడదనే అడుగుతున్నా నాన్నా.”

కేసరయ్య తల అడ్డంగా ఊపి కూర్చున్నాడు. గురువు నవ్వాడు. ఆ నవ్వులో భక్తి కంటే ఆకలి ఎక్కువ కనిపించిందని తరువాత చాలామంది చెప్పుకున్నారు, అప్పుడు మాత్రం ఎవరూ గమనించలేదు.

సాయంత్రం సమీరుడు గుర్రాలకు దాణా పెడుతుండగా వెనుక నుంచి పొగ వాసన వచ్చింది. తిరిగి చూసేలోపల గుప్పెడు బూడిద ముఖాన పడింది. అతనికి మెలకువ వచ్చేసరికి తెల్లవారిపోయింది. కాళ్లూ చేతులూ కట్టేసి గడ్డికొట్టంలో పడి ఉన్నాడు. బయట భటులు మాట్లాడుకోవడం వినిపించింది. సమీరుడు ప్రాణభయంతో రాత్రికి రాత్రే పారిపోయాడని గురువు చాటించాడట. కొడుకు పరువు నిలపడానికి ముసలి కేసరయ్యే రథం ఎక్కుతున్నాడట.

సమీరుడు కట్లు తెంచుకోవాలని పెనుగులాడాడు. తన తండ్రి జీవితంలో ఎన్నడూ ఎడారిగుర్రాలను తోలలేదు. కొండగుర్రాల అలవాటుతో గంట దాకా కొరడా ఝళిపిస్తాడు. ఆ తరువాత ఏమవుతుందో సమీరుడు నిన్న కళ్లారా చూశాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. గుర్రాలకు దండలు వేసే పూల చెంగమ్మ బుట్టలు పెట్టుకోవడానికి తన గుంపుతో లోపలికి వచ్చింది. గడ్డిలో మనిషిని చూసి అరవబోయి, ఎవరో గుర్తుపట్టి నోరు మూసుకుంది. చతికిలబడి కూర్చునే రకం కాదు చెంగమ్మ. దండలు తెంపే కత్తితో కట్లు కోసింది. బుట్టల మీద కప్పిన చీర తీసి అతనికి చుట్టింది, మీసం కనపడకుండా ముసుగు లాగింది, నెత్తిన బంతిపూల గంప పెట్టింది. గుమ్మం దగ్గర భటుడు అడ్డం వచ్చి, ఈమె ఎవరు, ఇంత పొడుగేమిటి అని అడిగాడు.

“నా చెల్లెలి కూతురయ్యా. ఈ పొడుగు వల్లే సంబంధాలు కుదిరి చావట్లేదు. మీ వైపు ఎవరన్నా ఉంటే చెప్పు బాబూ,” అంది చెంగమ్మ. భటుడు ఇంకా పెళ్లి కానివాడు. గబగబా పక్కకు తప్పుకున్నాడు.

తండ్రి చుట్టూ గురువు భటులున్నారు, అక్కడికి వెళ్తే మళ్లీ దొరికిపోతాడు కనుక, బయటపడ్డాక సమీరుడు చెంగమ్మకు తన ఆలోచన చెప్పాడు. బాట కొలత మార్చడానికి ఎవరి అనుమతైనా కావాలేమో కానీ, పూలదండ ఎక్కడ కట్టాలో అడగవలసిన పని లేదు. పూలవాళ్లు పరుగున పోయి, మోదుగుల వరుస ముగిసే చోట, రెండు చెట్ల కొమ్మల మధ్య, రథాలకు తగలనంత ఎత్తున బంతిపూల తాడు కట్టారు. జనం చూసి, ఈసారి అలంకారం బాగుందని మెచ్చుకున్నారు. ఆరంభశిల దగ్గర రథం మీద ఉన్న కువలయ కూడా చూసింది. ఆమెకు వేరే ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

శరపథం ఆ రోజు కిక్కిరిసింది. వీరణాలు మోగాయి, పతాకాలు రెపరెపలాడాయి, పిల్లలు తండ్రుల భుజాలెక్కారు. తెల్లని గుర్రాలతో కువలయ, నల్లని గుర్రాలతో కేసరయ్య పక్కపక్కన నిలబడ్డారు. గురువు ఆశీర్వదించే నెపంతో వచ్చి నల్లగుర్రాల ముట్టెలకు బూడిద రాశాడు. వాటి కళ్లు ఎర్రబడ్డాయి.

శంఖం మోగింది. రెండు రథాలు ఒక్క మనిషి ఊపిరి తీసినట్టుగా లేచాయి. ముసలి చెయ్యి అయినా కేసరయ్యది సారథి చెయ్యి. నల్లగుర్రాలు చెలరేగాయి. కువలయ వంగి, తన గుర్రాల చెవుల దగ్గర ఏదో అంటూ వాటిని అందుకుంది. మెడకు మెడ సరిగా వచ్చాయి. తరువాత తెల్లగుర్రాలు ముట్టె మందం ముందుకు తోసుకువచ్చి పూలతాడు కిందుగా దూసుకుపోయాయి. ఆ క్షణమే కువలయ కొరడాను బాట పక్కకు విసిరేసి, రెండు చేతులా పగ్గాలు లాగింది. జనం నివ్వెరపోయారు. ఆమె రథం వేగం తగ్గుతూ, తగ్గుతూ, గంటకు ఎంతో ముందే నిలిచింది.

కేసరయ్య రథం నిలవలేదు. పూలతాడు దగ్గర చీర విప్పి పారేసిన సమీరుడు, పక్కన కట్టి ఉన్న కావలి గుర్రం మీదికి దూకి అప్పటికే తండ్రి వెంట పడ్డాడు. గిట్టల మోతలో అతని అరుపు అతనికే వినపడలేదు. ముసలాయన కుడిచేయి పగ్గాలు వదిలి పైకి లేచింది. గంట దగ్గరైంది.

“నాన్నా, కొరడా వదిలెయ్.”

ఆ మాట కేసరయ్యకు వినిపించిందో లేదో. కానీ ఆయన ఎదురుగా పొగమంచు చూశాడు. అది ఇంత త్వరగా ముందుకు రావడం ఆయన జన్మలో చూడలేదు. సోమన్న ఆఖరిసారి ఏమి చూశాడో ఆ ముసలివాడికి ఆ క్షణాన తెలిసింది. కొరడా వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. రెండు చేతులూ పగ్గాల మీద పడ్డాయి. తోరణం కింద నుంచి రథం గంటను ముట్టకుండానే దూసుకుపోయింది. సమీరుడు ఒక నల్లగుర్రం కళ్లెం చిక్కించుకుని, తన గుర్రాన్ని అడ్డం తిప్పి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు. అంచుకు మూరెడు దూరంలో నల్లగుర్రాల గిట్టలు మట్టిలో దిగబడ్డాయి. రెండు మట్టిగడ్డలు విరిగి లోయలోకి పోయాయి, రథం మాత్రం నిలిచింది.

శరపథం పుట్టిన తరువాత మొదటిసారిగా, పందెం ముగిసింది కానీ గంట మోగలేదు. గురువు చేతులు పైకెత్తి, అపచారం జరిగిందని, రాజ్యం మాడిపోతుందని శపించబోయాడు. కేసరయ్య ఆయన్ని పట్టించుకోలేదు. రథం దిగి, కొడుకు భుజం పట్టుకున్నాడు. తరువాత మహారాజు వైపు తిరిగి తన ఒప్పుదల చెప్పాడు. ఇకమీదట పందెం పూలతాడు దగ్గరే తేలాలి, గెలిచినవాళ్లు నడిచివెళ్లి గంట కొట్టాలి.

“సోమన్న పెళ్లానికి నేనే చెప్పుకుంటా,” అన్నాడు. “తప్పు వాడిది కాదనీ చెప్తా, నాదీ కాదనీ చెప్తా. కొలతదని చెప్తా.”

జనంలో ఎక్కడో ఒక స్త్రీ బావురుమంది. అయితే ఆ ఏడుపు కోపపు ఏడుపు కాదని విన్నవాళ్లందరికీ అర్థమైంది.

కువలయ తన తెల్లగుర్రాలను ముట్టె నిమురుతూ నడిపించుకువచ్చింది. కేసరయ్య తన కొరడాను మట్టిలో నుంచి తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె తోరణం కింద నిలబడి, తొందర లేకుండా, పిడితో గంట కొట్టింది. ఇన్నేళ్లూ ఆ గంట పరుగులో తగిలిన దెబ్బకు ఒక్కసారి ఖంగుమని, గిట్టల మోతలోనూ కేకల్లోనూ కలిసిపోయేది. దాని అసలు గొంతు అక్కడున్న ఎవరూ వినలేదు. ఇప్పుడు అది మెల్లగా మొదలై, పెరిగి, కోటగోడను తాకి, తిరిగివచ్చి, లోయలోకి దిగింది. దిగినచోటల్లా పొగమంచు విరిగి పాయలు పాయలుగా లేచిపోసాగింది.

గురువు చెవులు మూసుకుని కేకపెట్టాడు. చెవుల్లోని దూది మసై రాలింది. కాషాయం కింద నుంచి నల్లటి రెక్కలు పొడుచుకువచ్చాయి, గడ్డం పొగైపోయింది, ముక్కు వంకర తిరిగి గద్దముక్కు అయింది. అగాధలోయ మాంత్రికుడు ధూమ్రపక్షుడు ఇన్నేళ్లుగా తమ సభలోనే కూర్చుని తమ బిడ్డల్ని ఒక్కొక్కరినే కిందికి పిలిపించుకున్నాడని ప్రజలకు అప్పుడు తెలిసింది. వాడు రెక్కలు టపటపలాడించి లోయలోకి దూకాడు. భటుల బాణాలు పొగను మాత్రమే చీల్చాయి.

అందరూ అంచు దగ్గరికి పరుగెత్తారు. మంచు విరిగిన చోట, చాలా లోతున, పచ్చని చదును ఒకటి కనిపించీ కనిపించకుండా ఉంది. దాని మీద గుర్రాలు మేస్తున్నాయి. మళ్లీ మంచు మూసుకుంది. మూసుకున్న మంచులో నుంచి ఒక గొంతు, ఎంతో సన్నగా, పైకి వచ్చింది.

“ఎవరు గెలిచారు?”

శరభపాల మహారాజు అంచు మీదికి వంగాడు. ఆ గొంతు ఆయనకు తెలుసు. “నీ చెల్లెలు గెలిచిందిరా,” అని లోయలోకి చెబుతూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కిందనుంచి నవ్వు వినిపించింది. ఆ వెంటనే ఇంకెవరివో గొంతులు, ఒకటి, రెండు, అనేకం, తమ తల్లుల పేర్లు, భార్యల పేర్లు పిలవసాగాయి. ఆ గొంతుల మీదుగా రెక్కల చప్పుడు దిగుతోంది.

ఇక ఆలోచించడానికి వ్యవధి లేదు. రథాల పగ్గాలన్నీ ముడివేసి తాడు చేశారు. కువలయ మొదట తానే దిగుతానంది. తాడు కొస అప్పటికే సమీరుడి నడుముకు ఉంది. ఆమె తన కత్తి తీసి అతని మొలలో దోపి, అన్నయ్యను ముందు పంపు, నువ్వు వెనక వద్దువు గాని, కానీ తప్పకుండా రా అని మాత్రం చెప్పింది. పైన తాడు పట్టుకున్నవాళ్లలో అందరికంటే ముందు కేసరయ్య ఉన్నాడు. అడుగు అడుగుగా దింపారు. మంచు సమీరుడిని మింగేసింది. పైన ఆకాశం పోయింది, కింద గొంతులు దగ్గరయ్యాయి, ఎక్కడో ఎడమ వైపు రెక్కలు గాలిని కొడుతున్నాయి. ఒక్క కుదుపుతో తాడు ఆగింది. ఇక పగ్గాలు లేవు. కాళ్లతో తడిమాడు, నేల అందలేదు. విప్పుకుని దూకుదామని నడుముకున్న ముడి మీద చెయ్యి వేశాడు. రెక్కల చప్పుడు నేరుగా తన మీదికి తిరిగింది.

అప్పుడు కింద నుంచి ఒక చెయ్యి వచ్చి అతని పాదాన్ని పట్టుకుంది. సమీరుడు కత్తి దూశాడు. దూసినవాడు దూసినట్టే ఆగిపోయాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, బతికున్న మనిషి చెయ్యి.